మూడున్నర చుట్లు

2014 ఫిబ్రవరి 19 రాత్రి నేనొక తీర్పు చెప్పాను. చెప్పింది ఇంట్లోనే, విన్నది ఇంట్లోవాళ్లే. అయినా తీర్పు తీర్పే. సోచి ఒలింపిక్సులో మహిళల ఫిగర్ స్కేటింగు పోటీ ఆ రాత్రితో సగం ముగిసింది. జపాను అమ్మాయి మావో అసాదా ముప్పైమందిలో పదహారో స్థానంలో నిలిచింది. "ఈమె సంగతింతే. అసలు వేళకు కాలు జారుతుంది" అని కంప్యూటరు కట్టేసి పడుకున్నాను. మరునాటి పోటీ చూడవలసిన అవసరమే తోచలేదు. పతకం రాదని తేలిపోయాక ఇక చూసేదేముంటుంది?

మర్నాడే జపాను మాజీ ప్రధాని యొషిరో మొరి ఒక ఉపన్యాసంలో దాదాపు ఇదే మాట అన్నాడు. ఆ పిల్ల ముఖ్యమైన సమయంలో తప్పకుండా పడుతుందన్నది ఆయన మాటల సారం. ఆయన అప్పటికే 2020 టోక్యో ఒలింపిక్సు నిర్వాహక సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆ మాట మీద దేశంలో పెద్ద దుమారం రేగింది. నేనూ ఆ వార్త చదివి, "ఎంత సంస్కారం లేని మాట!" అనబోయి ఆగిపోయాను. ఆయన మాటకూ నా మాటకూ ఉన్న తేడా ఒక్కటే: ఆయన ముందు మైకుంది, నా ముందు లేదు.

ఈ టపా ఆ రాత్రి మాటకు నేను తీర్చుకోవలసిన బాకీ. ఇన్నేళ్లు తీర్చకపోవడానికి బద్ధకం ఒక కారణం. క్షమాపణ చెబితే సరిపోదు, ఎక్కడ పొరబడ్డానో తెలుసుకోవాలన్న పట్టుదల రెండో కారణం.

మంచు అన్నది ఫ్రిజ్జులోనూ, గోలీసోడా బండి మీదా తప్ప మరెక్కడా చూడని ఊళ్లో పుట్టినవాడికి ఫిగర్ స్కేటింగుతో ఏం పని అని మిత్రులు అడగవచ్చు. నాకు ఈ ఆట నచ్చడానికి కారణం మన అవధానం. అవధానికి ఛందస్సు తప్పకూడదు, పృచ్ఛకుడు నిషేధించిన అక్షరం పడకూడదు, ఇన్ని నియమాల మధ్య పుట్టిన పద్యం పద్యంలా కూడా ఉండాలి. నియమం తప్పితే అవధానం కాదు. నియమం ఒక్కటే మిగిలితే కవిత్వం కాదు. స్కేటరు పరిస్థితీ అంతే. మొదటి రోజు పోటీని షార్టు ప్రోగ్రామంటారు. అందులో ఏయే అంశాలు చేయాలో ముందే నిర్దేశించి ఉంటుంది. రెండో రోజు ఫ్రీ స్కేటింగు. అక్కడ కొంత స్వేచ్ఛ. రెండిటి మార్కులూ కలిపి స్థానం నిర్ణయిస్తారు. కొట్టేసి తిరగరాసుకునే వీలు అవధానికీ లేదు, స్కేటరుకూ లేదు.

ఈ ఆటలో దూకుళ్లు ఆరు రకాలు: టో లూపు, సాల్కోవు, లూపు, ఫ్లిప్పు, లట్జు, ఆక్సెల్. మొదటి ఐదింటిలోనూ వెనక్కి జారుతూ గాలిలోకి లేస్తారు, వెనక్కి జారుతూనే దిగుతారు. ఆక్సెల్ ఒక్కదానికి మాత్రం ముఖం ముందుకు పెట్టి ఎగరాలి. దిగడం అన్నిటిలాగే వెనక్కి. అందువల్ల అర చుట్టు అదనంగా పడుతుంది. అంటే ట్రిపుల్ ఆక్సెల్‌లో పేరుకు మూడు, లెక్కకు మూడున్నర. 1882లో ఆక్సెల్ పౌల్సెన్ అనే నార్వే దేశస్థుడు ఒకటిన్నర చుట్లతో దీన్ని మొదట చేసి చూపాడు. మహిళల పోటీల్లో మూడున్నర చుట్లకు ఇంకో నూరేళ్లు పైనే పట్టింది. 1988లో ఆ పని చేసింది జపానులోని నగోయా నగరానికి చెందిన మిదోరి ఇతో. మరుసటి ఏడు పారిస్‌లో ఆమె ప్రపంచ విజేత అయింది. ఆసియా నుంచి ఆ పట్టం అందుకున్న తొలి స్కేటరు ఆమే. 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్సులో అదే దూకుడు చేసి రజతం గెలిచింది.

మావో కూడా నగోయా పిల్లే. 1990 సెప్టెంబరు 25న పుట్టింది. అయిదేళ్లకే స్కేట్లు కట్టుకుంది. ఇతోను తయారుచేసిన మచికో యమద దగ్గరే ఈమె కూడా చిన్నతనంలో నేర్చుకుంది. అంటే ట్రిపుల్ ఆక్సెల్ ఈమెకు ఎక్కడో అరువు తెచ్చుకున్న విద్య కాదు, గురుపరంపరగా వచ్చిన ఆస్తి. పద్నాలుగేళ్ల వయసుకే ఆ ఆస్తి చేజిక్కించుకుంది. 2005లో ప్రపంచ జూనియర్ విజేత అయింది. ఆ డిసెంబరులో టోక్యోలో జరిగిన గ్రాండ్ ప్రి ఫైనల్లో అప్పటి ప్రపంచ విజేత ఇరీనా స్లుత్స్కయాను పదిహేనేళ్ల ఈ పిల్ల ఓడించింది.

రెండు నెలల్లో టొరినో ఒలింపిక్సు. మావోకు అక్కడ ప్రవేశం లేదు. పోటీలకు ముందటి సంవత్సరం జులై 1 నాటికి పదిహేనేళ్లు నిండి ఉండాలన్నది నియమం. మావోకు 87 రోజులు తక్కువ పడ్డాయి. ప్రపంచంలోకెల్లా మేటి స్కేటర్లను ఓడించిన అమ్మాయి ఒలింపిక్సును టీవీలో చూడవలసి రావడం చాలామందికి అన్యాయంగా తోచింది. ఆ స్వర్ణం జపానుకే చెందిన షిజుకా అరకవాకు దక్కింది. నా మటుకు నేను ఆ నియమాన్ని తప్పుపట్టలేను. 2022 బీజింగులో పదిహేనేళ్ల రష్యా అమ్మాయి కమీలా వలియేవా ఉత్ప్రేరకాల వివాదం మధ్య, ప్రపంచమంతా చూస్తుండగా, మంచు మీద మళ్లీ మళ్లీ పడిపోయిన దృశ్యం చూసినవారెవరూ పిల్లల వయసు విషయంలో ఉదారంగా ఉండమని అడగలేరు. ఆ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య సీనియర్ పోటీల కనీస వయసును పదిహేడుకు పెంచింది కూడా. న్యాయమైన నియమమే ఒక్కోసారి ఒక్కరి పట్ల కటువుగా ఉంటుంది. ఆ కటుత్వం మావో వంతుకు వచ్చింది. ఆమె దాని గురించి రాద్ధాంతం చేయలేదు.

నాలుగేళ్లు గడిచాయి. ఈలోగా కొరియాలో ఇంకో అమ్మాయి ఎదిగింది. కిమ్ యునా మావో కన్నా సరిగ్గా ఇరవై రోజులు పెద్ద. 2007లో టోక్యో ప్రపంచ పోటీల్లో మికి అందో స్వర్ణం, మావో రజతం, యునా కాంస్యం గెలిచారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు ఈ ఆట అంటే ఈ ఇద్దరే అన్నట్టు సాగింది.

2008లో గోథెన్‌బర్గు ప్రపంచ పోటీల ఫ్రీ స్కేటింగు గురించి ఇక్కడ ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే నా తీర్పుకు జవాబు అప్పటికే అక్కడుంది. మావో తన మొదటి దూకుడైన ట్రిపుల్ ఆక్సెల్‌కు సిద్ధమై, ఎగరబోయే క్షణంలోనే కాలి కింద అంచు జారి దబ్బున పడింది. గాలిలోకి లేవనే లేదు. మంచు మీద ఈడ్చుకుంటూ దూరంగా వెళ్లి ఆగింది. కార్యక్రమం ఇంకా మూడు నిమిషాలకు పైగా ఉంది. లేచింది, సంగీతాన్ని అందుకుంది, మిగిలిన దూకుళ్లు ఒకటొకటిగా పూర్తిచేసింది. ఇటలీకి చెందిన కరోలినా కాస్ట్నర్ మీద ఒక్క మార్కు కూడా లేని తేడాతో ప్రపంచ విజేత అయింది. ముఖ్యమైన సమయంలో పడింది, నిజమే. ముఖ్యమైన సమయంలో పడి కూడా గెలిచింది.

ఇక వాంకూవర్, 2010. ఇక్కడ కొన్ని అంకెలు తప్పవు. అప్పటి నియమావళిలో ప్రతి దూకుడుకూ ఒక మూలధర ఉండేది. ట్రిపుల్ ఆక్సెల్‌కు 8.2. పైగా షార్టు ప్రోగ్రాములో మహిళలు దాన్ని ఒంటరి ఆక్సెల్‌గా చేయడానికి వీల్లేదు. అక్కడ డబుల్ ఆక్సెల్ తప్పనిసరి. చేయదలిస్తే మరో దూకుడుతో జతచేసి చేయాలి. మావో ట్రిపుల్ ఆక్సెల్, డబుల్ టో లూపు జతచేసి చేసేది: 8.2కు 1.3 కలిపితే 9.5. యునా ట్రిపుల్ లట్జు, ట్రిపుల్ టో లూపు జత చేసేది: 6.0కు 4.0 కలిపితే 10.0. మహిళల్లో అతికొద్దిమందికే సాధ్యమైన దూకుడున్న జతకు తక్కువ ధర, అది లేని జతకు ఎక్కువ ధర! దీనికితోడు ఆక్సెల్‌లో చుట్టు పావు వంతుకు మించి తక్కువ పడితే దాన్ని డబుల్ ఆక్సెల్ కింద లెక్కగట్టేవారు. అంటే 8.2 కాస్తా 3.5కు పడిపోయేది.

ఈ పట్టిక చూపించి యునా స్వర్ణం అన్యాయమని వాదించేవారున్నారు. నేను ఆ పక్షం కాదు. నియమాలు ఇద్దరికీ ముందే తెలుసు. యునా ఆ నియమాలలో అందం వెతుక్కుంది. వేగం, ఎత్తు, దూకుడు నుంచి దూకుడుకు సాగిపోయే ఒడుపు ఆమెలో పుష్కలం. షార్టులో 78.50, ఫ్రీలో 150.06, మొత్తం 228.56. ఆ రోజు ఆమెను అందుకోగలవారు లేరు. మావోకు షార్టులో 73.78, ఫ్రీలో 131.72, మొత్తం 205.50, రజతం. షార్టులో ఒకటి, ఫ్రీలో రెండు, మొత్తం మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు ఒకే పోటీలో చేసిన తొలి మహిళగా ఆమె పేరు గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఫ్రీలో ఆ రెండు కష్టమైనవీ దాటాక, తేలికైన చోట తడబడింది. ఏరు దాటి కాలువలో పడినట్టయింది. ఆ తర్వాత మాట్లాడుతూ కన్నీళ్లు ఆపుకోలేకపోయింది. మరుసటి నెలలోనే టొరినోలో ప్రపంచ పట్టం తిరిగి గెలుచుకుంది. నాలుగేళ్ల క్రితం వయసు చాలక వెళ్లలేకపోయిన ఊరది.

ఇక్కడే అసలు ఆక్షేపణ ఎదురవుతుంది. నాకు ఆట తెలిసిన ఒక మిత్రుడున్నాడు, ఆయన వాదన ఇది: "ట్రిపుల్ ఆక్సెల్ వదిలేసి ఉంటే ఆమె ఇంకా ఎన్నో గెలిచేది. ధర చాలదని తెలిసీ, పడతానని తెలిసీ పట్టుకు వేళ్లాడింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు. మొండితనాన్ని మనం త్యాగమని పొగడకూడదు."

ఈ ఆక్షేపణలో బలముంది. దీన్ని తేలిగ్గా తీసిపారేస్తే నా టపా కేవలం అభిమాని గోల అవుతుంది. కనుక ఆ తర్వాతి ఏళ్లలో ఆమె ఏం చేసిందో చూద్దాం.

పందొమ్మిదేళ్ల వయసు. రెండుసార్లు ప్రపంచ విజేత. ఒలింపిక్సు రజతం. అలాంటి మనిషి 2010లో నొబువో సాతో అనే పెద్దాయన దగ్గర చేరి, తన దూకుళ్లన్నిటినీ విప్పి మళ్లీ మొదటి నుంచి కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమె లట్జులో అంచు తప్పు ఉండేది. కొన్ని దూకుళ్లలో చుట్లు చాలేవి కావు. వీటిని ఏదో ఒకలా నెట్టుకురావచ్చు. అందరూ చేసే పని అదే. ఆమె అలా చేయలేదు. పేరుపొందిన కవి ఒకడు, సన్మానాలు అందుకున్నాక, నా గణాలు సరిగా పడటం లేదని గురులఘువులతో మళ్లీ మొదలుపెడితే ఎలా ఉంటుందో ఊహించండి. మనలో ఎంతమందిమి ఆ పని చేస్తాం? అచ్చయిన మొదటి కథలో తప్పు చూపిస్తేనే ముఖం మాడ్చుకునే జాతి కదా మనది!

ఫలితం వెంటనే కనబడింది, చేదుగా. 2010 శరదృతువులో సొంతగడ్డ మీద ఎన్‌హెచ్‌కె ట్రోఫీలో ఎనిమిదో స్థానం. పారిస్‌లో అయిదో స్థానం. ప్రపంచ విజేత ఎనిమిదో స్థానంలో! 2011 మార్చి భూకంపం వల్ల టోక్యోలో జరగవలసిన ప్రపంచ పోటీలు మాస్కోకు తరలిపోయాయి. అక్కడ ఆరో స్థానం. ఆ డిసెంబరులో కెనడాలో గ్రాండ్ ప్రి ఫైనల్‌కు వెళ్లి, తల్లి పరిస్థితి విషమించిందని తెలిసి పోటీ వదిలి వెనక్కి బయలుదేరింది. ఆఖరి చూపు దక్కలేదు. రెండు వారాలకే జాతీయ పోటీల్లో మంచు మీదకు దిగి విజేత అయింది. 2012 ప్రపంచ పోటీల్లో మళ్లీ ఆరో స్థానం.

నా మిత్రుడి ఆక్షేపణకు జవాబు ఈ కాలంలోనే దొరుకుతుంది. మావో ట్రిపుల్ ఆక్సెల్‌ను వదలలేని మనిషి కాదు. వదిలింది. అది లేకుండానే 2012 డిసెంబరులో గ్రాండ్ ప్రి ఫైనల్ గెలిచింది, అదీ సోచిలోనే. కనుక అది లేకుండా గెలవగలనా అన్న ప్రశ్నకు ఆమెకు జవాబు తెలుసు. తెలిసీ 2013 ఫిబ్రవరిలో దాన్ని మళ్లీ తెచ్చుకుంది. మొండివాడికి వేరే దారి కనబడదు. ఈమెకు వేరే దారి కనబడింది, ఆ దారిన నడిచి గెలిచింది కూడా. ఆ పైన కావాలనే వెనక్కి తిరిగి కష్టమైన దారి పట్టింది. దీన్ని మొండితనమనడం సబబు కాదు. తన కళకు ఏది ప్రాణమో తానే నిర్ణయించుకోవడం ఇది. ఆ నిర్ణయానికి మూల్యం కూడా తానే చెల్లించింది. నియమాల మీదకు నెట్టలేదు, న్యాయనిర్ణేతల మీదకు నెట్టలేదు.

ఇప్పుడు సోచి. ముందు జట్టుల పోటీలో షార్టు చేసి, ట్రిపుల్ ఆక్సెల్‌లో పడింది. తర్వాత వ్యక్తిగత పోటీ. ఫిబ్రవరి 19 షార్టులో మళ్లీ పడింది. తర్వాతి ఫ్లిప్పులో చుట్లు చాలలేదు. చివరికి చేయవలసిన దూకుళ్ల జత చేయనేలేదు. 55.51 మార్కులు, పదహారో స్థానం. నేను కంప్యూటరు కట్టేసింది ఇక్కడే.

ఫ్రీ స్కేటింగుకు ఇరవైనలుగురు మిగులుతారు. వెనకబడినవాళ్లు ముందు, ముందున్నవాళ్లు చివర. పతకాలకు పోటీపడేవారంతా ఆఖరి బృందంలో వస్తారు. మావో రెండో బృందంలో, ఎవరికీ పట్టని వేళలో దిగింది. రాఖ్మనినోవ్ రెండో పియానో కచేరీ మొదలైంది. మొట్టమొదటిది ట్రిపుల్ ఆక్సెల్. దిగింది. తర్వాత ఫ్లిప్పు, లూపు జత. లట్జు. డబుల్ ఆక్సెల్‌తో టో లూపు. సాల్కోవు. మళ్లీ ఫ్లిప్పు, దాని వెంట రెండు డబుల్ లూపులు. చివరగా ఒంటరి లూపు. లెక్కపెట్టి చూడండి: ఎనిమిది ట్రిపుల్ దూకుళ్లు, ఆరు రకాలూ అందులో ఉన్నాయి. సాతో దగ్గర నాలుగేళ్లు పడిన శ్రమంతా ఆ నాలుగు నిమిషాల్లో ఉంది. సంగీతం ఆగాక తల పైకెత్తింది, ముఖం నలిగిపోయి కన్నీళ్లు వచ్చాయి. వెంటనే తమాయించుకుని ప్రేక్షకులకు వంగి నమస్కరించింది.

నిర్దోషమైన ప్రదర్శన అనను. న్యాయనిర్ణేతలు లట్జు అంచును తప్పుపట్టారు, చుట్లు చాలని చోట్లు కూడా గుర్తించారు. అయినా 142.71 మార్కులు వచ్చాయి. అప్పటికి ఆమె జీవితంలో అదే అత్యధికం. ఆ రాత్రి ఫ్రీలో ఆమెకన్నా ఎక్కువ తెచ్చుకున్నవారు ఇద్దరే: స్వర్ణం గెలిచిన అదెలినా సోత్నికోవా, రజతం గెలిచిన యునా. కాంస్యం గెలిచిన కాస్ట్నర్‌కు ఫ్రీలో 142.61. మావోకన్నా పదోవంతు మార్కు తక్కువ. మొత్తం మీద మావో 198.22తో ఆరో స్థానం చేరింది.

ఇక్కడ ఎవరైనా కాగితం తీసి లెక్క వేస్తారు. కాస్ట్నర్ మొత్తం 216.73. అందులోంచి 142.71 తీసేస్తే 74.02. షార్టులో ఆ మాత్రం తెచ్చుకుంటే కాంస్యం. నెల తర్వాత సైతామా ప్రపంచ పోటీల షార్టులో మావో తెచ్చుకున్నది 78.66, అప్పటికి ప్రపంచ రికార్డు. ఆ పోటీల్లో మూడోసారి ప్రపంచ విజేత అయింది. అయ్యో, ఆ ఒక్క రాత్రి! నేనూ ఈ లెక్క వేశాను. అయితే ఇది గతజల సేతుబంధనం. పైగా ఈ లెక్కలో నా పాత తప్పే వేషం మార్చుకుని కూర్చుంది. 142.71కి విలువ పతకానికి దగ్గరగా వచ్చినందువల్లనే ఉన్నట్టు మాట్లాడుతుందిది.

ఇంకో ప్రలోభం కూడా ఉంది. పతకం ఆశ పోయాక, ఫలాపేక్ష విడిచి, కర్మ చేసింది కనుక ఆమె గొప్పది అని రాసి, ఒక శ్లోకం ఉటంకించి చప్పట్లు కొట్టించుకోవచ్చు. మనవాళ్లకు ఇలాంటివి భలే ఇష్టం. కానీ అది అబద్ధం. మావోకు ఫలాపేక్ష ఉంది. స్వర్ణం కావాలని చిన్ననాటి నుంచీ కోరుకుంది, ఆ కోరికను ఎన్నడూ దాచుకోలేదు. వాంకూవర్‌లో రజతం అందుకుని ఏడ్చిన మనిషిని వైరాగ్యం పీట మీద కూర్చోబెట్టడం ఆమెను మరో విధంగా అవమానించడమే.

మరి నా తీర్పులో తప్పేమిటి? రెండున్నాయి.

మొదటిది నిజానిజాల తప్పు. "అసలు వేళకు కాలు జారుతుంది" అన్నాను. గోథెన్‌బర్గు అసలు వేళ కాదా? వాంకూవర్‌లో మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు చేసింది అసలు వేళ కాదా? ఒక రాత్రి చూసినదాన్ని పదేళ్ల చరిత్రకు పూసేశాను. మొరిగారి "తప్పకుండా" కూడా ఇటువంటిదే.

రెండోది ఇంకాస్త లోతైనది. పడటాన్ని నేను ఆమె స్వభావంగా చూశాను. అది నిజానికి ఆమె ఎంచుకున్న పనికి ఉన్న వెల. మూడున్నర చుట్లు తిరిగేవాళ్లు రెండున్నర చుట్లు తిరిగేవాళ్లకన్నా ఎక్కువసార్లు పడతారు. ఇది ధైర్యసాహసాల మాట కాదు, మామూలు లెక్క. అసలు ఎగరనివాడు ఎన్నడూ పడడు. వాణ్ణి చూసి ఎంత నిబ్బరమైనవాడో అని మనం మెచ్చుకుంటాం. సాహిత్యంలోనూ ఇదే చేస్తున్నాం. జీవితమంతా ఒకే తీరు కథలు రాసి ఒక్కసారీ తడబడని రచయితను "నిలకడ గల కలం" అంటాం. ప్రతి పుస్తకంలోనూ కొత్తదానికి ప్రయత్నించి నాలుగింట రెండు చెడగొట్టుకున్నవాణ్ణి "ఆయనకు నిలకడ లేదు" అంటాం. ఇద్దరి రాతనూ ఒకే తూకపురాళ్లతో తూచి, తూకం సరిగ్గానే ఉందని సంతృప్తి పడతాం.

అలాగని ప్రయత్నించి పడినవారంతా గొప్పవారని నేననను. ప్రయత్నానికే దండలు వేస్తే ఆట ఆటగా మిగలదు. మావో ఆ రెండో రోజు కేవలం ప్రయత్నించలేదు, చేసి చూపింది. ఆటలో తీర్పరులు ఉండాలి, అంకెలు ఉండాలి, ఆరో స్థానం ఆరో స్థానంగానే ఉండాలి. నా మనవి ఇంతవరకే: అంకెలు ఆ రాత్రి జరిగినదాన్ని చెబుతాయి, మనిషి ఏమిటో చెప్పవు. ఆ రెండో పని అంకెల చేత చేయించినవాణ్ణి నేను. పైగా సగం అంకెలే చూసి.

స్వదేశానికి తిరిగివచ్చాక టోక్యోలో విదేశీ పాత్రికేయుల ఎదుట మొరి మాటల ప్రస్తావన వచ్చింది. ఆమె కోపగించుకోలేదు. మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయనీ, తనకేమీ బాధ లేదనీ, అలా అన్నందుకు ఆయనే ఇప్పుడు కాస్త నొచ్చుకుంటున్నారేమోననీ అన్నది. సభలో నవ్వులు. దెబ్బ తగిలిందో లేదో తెలియకుండా కొట్టడమంటే ఇదే. అదే మొరి 2021లో, స్త్రీలు ఎక్కువగా ఉంటే సమావేశాలు సాగుతాయన్న అర్థంలో ఇంకో మాట జారి, ఒలింపిక్సు సంఘం అధ్యక్ష పదవినే వదులుకోవలసి వచ్చింది. ముఖ్యమైన సమయంలో ఎవరు పడతారో ఎవరు చెప్పగలరు!

మావో కథ సైతామాలో ఆగిపోయి ఉంటే చక్కగా ఉండేది. ఆగలేదు. ఒక ఏడు విశ్రాంతి తీసుకుని 2015లో తిరిగి వచ్చింది. ఆ నవంబరులో కప్ ఆఫ్ చైనా గెలిచింది. ఆ తర్వాత మోకాలు సహకరించలేదు. 2016లో బోస్టన్ ప్రపంచ పోటీల్లో ఏడో స్థానం. ఆ శరదృతువులో పారిస్‌లో తొమ్మిదో స్థానం. డిసెంబరులో, తాను ఆరుసార్లు గెలిచిన జాతీయ పోటీల్లో పన్నెండో స్థానం. సరైన సమయంలో తప్పుకోవడం తెలియదని అప్పుడు కూడా కొందరు అన్నారు. ఈసారి మాత్రం నేను నోరు మూసుకున్నాను.

2017 ఏప్రిల్ 10న ఆమె పోటీల నుంచి విరమించుకుంది. ఆ కబురు మొదట ఎక్కడ చెప్పిందో తెలుసా? పత్రికా సమావేశంలో కాదు, టీవీలో కాదు. తన బ్లాగులో, ఒక చిన్న టపాగా. పత్రికా సమావేశం రెండు రోజుల తర్వాత. కోట్లాదిమంది ఎదురుచూసే మాటను, మనలాగే ఒక పెట్టెలో టైపు చేసి, ప్రచురించు అన్న మీట నొక్కిందన్నమాట. ఈ ఒక్క సంగతి మన బృందానికి కాస్త గర్వకారణమని నా నమ్మకం. ఆ తర్వాత కొన్నేళ్లు తన బృందంతో జపానంతా తిరిగి మంచు మీద ప్రదర్శనలిచ్చింది. 2024లో టోక్యో పశ్చిమాన తచికవాలో ఆమె పేరిట స్కేటింగు రింకు తెరిచారు. అక్కడ ఇప్పుడు పిల్లలు నేర్చుకుంటున్నారు. రోజూ పడుతూనే ఉంటారు.

సోచి ఫ్రీ స్కేటింగును నేను ఒక రోజు ఆలస్యంగా చూశాను, ఫలితం తెలిశాక. అందరూ నిద్రపోయాక ఒక్కణ్ణే కూర్చుని చూశాను. ముందటి రాత్రి తీర్పు విన్నవాళ్ల ముందు చూడటానికి ముఖం చెల్లలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కానీ ఈమధ్య నాకు ఎక్కువగా గుర్తొచ్చేది సోచి కాదు, ఒసాకాలో ఆ ఆఖరి జాతీయ పోటీ. ఆ ఏడు మోకాలి నొప్పితో ట్రిపుల్ ఆక్సెల్ పక్కన పెట్టేసిన మనిషి, గెలుపుకు ఆమడ దూరంలో ఉండి, చివరి ఫ్రీ స్కేటింగులో దాన్ని మళ్లీ మొదట పెట్టుకుంది. ముఖం ముందుకు పెట్టి ఎగిరింది. పడింది. లేచి, మిగిలిన కార్యక్రమం పూర్తిచేసింది.

ఆ దృశ్యం 2014లో చూసి ఉంటే, చూశారా నేను చెప్పానుగా అని ఉండేవాణ్ణి. ఇప్పుడు చూస్తే, ఆ ఎగరడం ముందు కనిపిస్తోంది. పడటం తర్వాత కనిపిస్తోంది. జరిగిన వరస కూడా అదే. ఇన్నాళ్లూ తలకిందులుగా చదివింది నేను.